ఏసీహెచ్‌ఆర్ యాంటీబాడీ నెగటివ్ వచ్చింది, అయినా మయస్థీనియా అనే అంటున్నారు

గోదారి_గట్టు
అమ్మకి 58. రెండు నెలలుగా సాయంత్రం అయ్యేసరికి ఎడమ రెప్ప వాలిపోతోంది, ఒక్కోసారి ఒకటి రెండుగా కనిపిస్తోంది. పొద్దున లేవగానే బాగానే ఉంటుంది. ఏసీహెచ్‌ఆర్ యాంటీబాడీ (కండరం మీద నరం సంకేతాన్ని అందుకునే రిసెప్టర్‌ను దెబ్బతీసేది) ఎలైసా అనే రక్తపరీక్షలో 0.21 వచ్చింది, 0.40 లోపు నెగటివ్ అని పక్కనే రాసి ఉంది. చేతికి కరెంటు పెట్టి చేసే ఆర్‌ఎన్‌ఎస్ కూడా నార్మల్. డాక్టరు మాత్రం ఇది మయస్థీనియానే (కండరాలు వాడేకొద్దీ అలిసిపోయే జబ్బు) అని పిరిడోస్టిగ్మిన్ మాత్ర రాశారు. రెండు రిపోర్టులూ నెగటివ్ అయితే మందెందుకు, ఇంకో చోట చూపిద్దాం అని తమ్ముడు గొడవ చేస్తున్నాడు. అసలు ఏ రిపోర్టును నమ్మాలి?

నరాల_బడి
డాక్టరు చెప్పింది సరైనదే అయ్యే అవకాశం ఎక్కువ. జబ్బు ఒళ్ళంతా ఉన్నవాళ్ళలో ఈ యాంటీబాడీ సుమారు 85 శాతం మందికి దొరుకుతుంది. కంటికే పరిమితమైన వాళ్ళలో సగం మందికే దొరుకుతుంది. అంటే కంటి మయస్థీనియాలో నెగటివ్ రిపోర్టుకు పెద్ద బలం లేదు. పాజిటివ్ వస్తే రోగం దాదాపు ఖాయం, నెగటివ్ వస్తే ఏమీ తేలనట్టే.

పొద్దున బాగుండి సాయంత్రానికి వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, ఈ రెండూ కలిసి రావడమే పెద్ద ఆధారం. కంటిపాప సైజు మారిందా? నొప్పి ఉందా? ఆ రెండూ లేకపోతే అనుమానం మయస్థీనియా మీదికే వెళ్తుంది.

గోదారి_గట్టు
పాప మామూలుగానే ఉంది, నొప్పి లేదు.

ల్యాబ్_శేషు
0.21 అని చూసి "కొంచెం ఉంది" అనుకోకండి, ఆ పద్ధతిలో అది నెగటివే. కానీ రిపోర్టులో చూడాల్సింది అంకె ఒక్కటే కాదు, పద్ధతి. మూడు రకాలున్నాయి.

పాతది, గట్టిది ఆర్‌ఐఏ, అంటే రేడియోధార్మిక గుర్తు తగిలించి చేసేది. మనిషి కండరం నుంచో, టీఈ671 అనే కణాల నుంచో రిసెప్టర్లను డిటర్జెంట్‌తో కరిగించి బయటికి తీస్తారు. వాటికి అయొడిన్-125 తగిలించిన ఆల్ఫా బంగారోటాక్సిన్ అతికిస్తారు. అది రిసెప్టర్‌ను పట్టుకుంటే వదలదు. పేషెంటు సీరం కలిపి, యాంటీబాడీ పట్టుకున్న ముద్దను కిందికి దించి, ఎంత రేడియేషన్ వస్తోందో లెక్కపెడతారు. లీటరుకు నానోమోల్ అనే యూనిట్ అక్కడి నుంచి వచ్చిందే. ఎంత రిసెప్టర్ పట్టుబడిందన్నదే ఆ లెక్క.

రెండోది ఎలైసా. రేడియోధార్మిక పదార్థం అక్కర్లేదు కాబట్టి చాలా ల్యాబులు ఇదే చేస్తాయి. యూనిట్ ఒకటే రాసినా ఆర్‌ఐఏ అంకెతో దీన్ని పోల్చకూడదు. తక్కువ మోతాదులో ఉన్న యాంటీబాడీని ఇది కొన్నిసార్లు వదిలేస్తుంది.

మూడోది సెల్ బేస్డ్. దాని గురించి తెలిసినవాళ్ళు రాస్తారు.

మెట్‌పల్లి_మిర్చి
బంగారోటాక్సిన్ అంటే పాము విషమేనా?

ల్యాబ్_శేషు
అవును. తైవాన్‌లో దొరికే చారల కట్లపాము విషం నుంచి 1963లో చాంగ్, లీ అనే ఇద్దరు వేరు చేశారు. కండరం మీది రిసెప్టర్లను లెక్కపెట్టడం దానితోనే మొదలైంది.

నరాల_బడి
మన కట్లపాము కూడా ఆ జాతిదే కాబట్టి ఒక ముఖ్యమైన మాట. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లారి రెండు రెప్పలూ వాలిపోయి, కడుపు నొప్పితో, మింగలేక లేస్తే అది మయస్థీనియా కాదు, కాటు అనుకునే పరుగెత్తాలి. కట్లపాము కాటుకు గాటు కనపడకపోవచ్చు, వాపు కూడా ఉండదు. మయస్థీనియా ఒక్క రాత్రిలో అలా రాదు, పైగా నిద్ర లేచినప్పుడే మెరుగ్గా ఉంటుంది.

సెల్_కల్చర్
శేషు గారు వదిలిన మూడోది. ఆర్‌ఐఏలో రిసెప్టర్ ద్రావణంలో విడివిడిగా తేలుతుంది. అసలు కండరంలో అలా ఉండదు. రాప్సిన్ అనే ప్రొటీన్ వాటిని కిక్కిరిసేలా ఒకచోట కట్టి ఉంచుతుంది. నరం కండరాన్ని తాకే చోట మడతల అంచుల మీద చదరపు మైక్రానుకు సుమారు 10,000 రిసెప్టర్లు ఉంటాయి. పట్టు తక్కువగా ఉన్న యాంటీబాడీ తన రెండు చేతులతో పక్కపక్కనున్న రెండు రిసెప్టర్లను పట్టుకుంటేనే నిలబడుతుంది. విడిగా తేలుతున్నదాన్ని ఒంటి చేత్తో పట్టుకుంటే కడిగేటప్పుడు జారిపోతుంది. అందుకే పరీక్షలో నెగటివ్, ఒంట్లో మాత్రం జబ్బు.

ఈ లోటు పూడ్చడానికి ల్యాబులో పెంచే హెచ్‌ఈకే అనే కణాల్లో రిసెప్టర్‌నూ రాప్సిన్‌నూ కలిపి పెంచి, గుంపు కట్టించి, దాని మీద సీరం పోసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. 2008లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఇది చూపించారు. అప్పటిదాకా నెగటివ్ అనుకున్నవాళ్ళలో చాలామందికి ఇందులో దొరికింది. కంటికే పరిమితమైన వాళ్ళకి ఇది మరీ పనికొస్తుంది.

విజయ్_వరంగల్
ఇంత తతంగం ఎందుకండీ? ప్యానెల్ అంతా ఒకేసారి చేయించేస్తే సరి. ఏసీహెచ్‌ఆర్, మస్క్, ఎల్‌ఆర్‌పీ4, టైటిన్, కాల్షియం ఛానెల్, వీటన్నిటి మీది యాంటీబాడీలూ.

ల్యాబ్_శేషు
వద్దు. అనుమానం లేకుండా చేసిన ప్రతి పరీక్షా ఒక తప్పుడు పాజిటివ్‌కు తలుపు తెరవడమే. ఏసీహెచ్‌ఆర్ నెగటివ్ వస్తే మస్క్, అదీ నెగటివ్ అయితే సెల్ బేస్డ్, ఆ వరసలో వెళ్ళాలి. ఎల్‌ఆర్‌పీ4 యాంటీబాడీని 2011లో కనుక్కున్నారు కానీ అది ఏఎల్‌ఎస్ అనే వేరే నరాల జబ్బు ఉన్నవాళ్ళలో కూడా కనిపిస్తుంది. బలహీనంగా పాజిటివ్ వస్తే దాన్ని పట్టుకుని ఏం చేస్తారు?

విజయ్_వరంగల్
దూరం నుంచి వచ్చే పేషెంటును మూడుసార్లు తిప్పించడం కూడా బాధే కదా.

ల్యాబ్_శేషు
దానికి దారి ఉంది. ఒకేసారి 3 మి.లీ. సీరం తీసి మిగిలింది ఫ్రీజర్‌లో పెట్టమనండి. మొదటిది నెగటివ్ వస్తే అదే సీరంతో రెండోది చేస్తారు. చాలా ల్యాబులు అడిగితే ఒప్పుకుంటాయి, అడగకపోతే పారేస్తాయి.

న్యూరో_ఫిజియాలజీ
గోదారి గట్టు గారూ, ఆర్‌ఎన్‌ఎస్ రిపోర్టులో ఏ కండరాలు రాశారో, చేతి ఉష్ణోగ్రత ఎంత రాశారో చూసి చెప్పండి. పొద్దున మాత్ర వేసుకుని వెళ్ళారా?

గోదారి_గట్టు
ఏడీఎం అని ఒక్కటే ఉంది. ఉష్ణోగ్రత రాయలేదు. మాత్ర ముందు రోజే మొదలైంది, పొద్దున ఏడింటికి ఒకటి వేసుకుంది. పరీక్ష తొమ్మిదింటికి.

న్యూరో_ఫిజియాలజీ
అయితే ఆ నార్మల్‌ను లెక్కలోకి తీసుకోకండి. మూడు లోపాలున్నాయి.

ఒకటి, ఏడీఎం అంటే చిటికెన వేలి కండరం. జబ్బు కంట్లో ఉంటే చిటికెన వేల్లో ఏం దొరుకుతుంది? ముఖం మీద నేసాలిస్ లేదా ఆర్బిక్యులారిస్ ఓక్యులై, భుజం దగ్గర ట్రాపీజియస్ చూడాలి. రెండు, మాత్ర వేసుకున్న రెండు గంటలకు చేశారు. దాని పని పూర్తి జోరులో ఉండే సమయం అదే. మింగడం, ఊపిరి బాగున్నవాళ్ళకి డాక్టరును అడిగి 12 గంటలు ఆపి చేయాలి. మూడు, ఏసీ గదిలో చెయ్యి చల్లబడితే లోపం దాక్కుంటుంది. చల్లదనంలో, నరం సంకేతాన్ని కండరానికి మోసే ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ నెమ్మదిస్తుంది, అందుకే రెప్ప మీద ఐసు పెడితే లేస్తుంది. చేతి చర్మం కనీసం 32 డిగ్రీలు ఉండాలి. వేడినీళ్ళ సంచి పెట్టి వెచ్చబరిచి చేయాలి.

కరెంటుతో కొట్టేది సెకనుకు 2 నుంచి 3 సార్లు. మొదటి స్పందనతో పోలిస్తే నాలుగోది లేదా ఐదోది 10 శాతం కంటే ఎక్కువ తగ్గాలి. కూర్చోబెట్టి ఒకసారి, ఒక నిమిషం కండరం గట్టిగా బిగించమని వెంటనే ఒకసారి, ఆ తర్వాత మూడు నాలుగు నిమిషాల దాకా నిమిషానికొకసారి కొడతారు. తగ్గుదల ఆ చివర్లోనే బాగా బయటపడుతుంది. హడావిడిగా ముగిస్తే తప్పిపోయేది అక్కడే.

ఇదీ నార్మలైతే సన్నని సూదితో ఒక్కో కండరపు పోగును చూసే సింగిల్ ఫైబర్ ఈఎంజీ. రెప్ప పక్కన కండరంలో చేస్తే 95 శాతం పైగా పట్టుకుంటుంది. కాకపోతే ఇతర నరాల, కండరాల జబ్బుల్లోనూ అసాధారణంగా వస్తుంది కాబట్టి అదొక్కటే సాక్ష్యం కాదు.

మందుల_చీటీ
ఐసు పరీక్ష ఇంట్లోనే చూడొచ్చు కదా?

న్యూరో_ఫిజియాలజీ
చూడొచ్చు. బాగా వాలి ఉన్న సమయంలో కన్ను మూసి, గుడ్డలో చుట్టిన ఐసు 2 నిమిషాలు రెప్ప మీద. పెట్టే ముందు ఒక ఫొటో, తీసిన వెంటనే ఒక ఫొటో. 2 మి.మీ. పైకి లేస్తే మయస్థీనియాకు మొగ్గు. ఇంట్లో చేసింది డాక్టరుకు చూపించడానికే, తేల్చుకోవడానికి కాదు. నియోస్టిగ్మిన్ సూది పరీక్ష మాత్రం ఆసుపత్రిలోనే చేయాలి. గుండె వేగం పడిపోవచ్చు, విరుగుడు మందు అట్రోపిన్ చేతిలో ఉండాలి.

కాకినాడ_కండరం
మస్క్ అనే కండరపు ప్రొటీన్ మీది యాంటీబాడీ గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు. దాన్ని 2001లో కనుక్కున్నారు. ఏసీహెచ్‌ఆర్ యాంటీబాడీతో వచ్చినా దీనితో వచ్చినా జబ్బు పేరొకటే, తీరు పూర్తిగా వేరు.

ఏసీహెచ్‌ఆర్‌ది ఐజీజీ1, ఐజీజీ3 రకం. మూడు పనులు చేస్తుంది. కాంప్లిమెంట్‌ను (కణాలకు చిల్లు పొడిచే రక్తంలోని రక్షణ ప్రొటీన్లను) పిలిచి కండరపు మడతలను చెడగొడుతుంది, రెండేసి రిసెప్టర్లను జతకట్టి కణం లోపలికి లాగి కరిగిపోయేలా చేస్తుంది, కొన్నిసార్లు ఎసిటైల్‌కోలిన్ కూర్చోవాల్సిన చోటును అడ్డుకుంటుంది. వీటిలో కాంప్లిమెంట్ దెబ్బే పెద్దది.

మస్క్‌ది ఎక్కువగా ఐజీజీ4. ఈ రకం యాంటీబాడీ ఒంట్లో తన సగాన్ని ఇంకోదానితో మార్చుకుంటుంది, కాబట్టి మస్క్‌ను ఒక చేత్తోనే పట్టుకోగలదు. కాంప్లిమెంట్‌ను పిలవదు. ఎల్‌ఆర్‌పీ4 అనే ఇంకో ప్రొటీన్ వచ్చి మస్క్‌ను తాకకుండా అడ్డంగా నిలుస్తుంది, అంతే. ఆ తాకిడి లేకపోతే రిసెప్టర్లు గుంపు కట్టవు.

ఇది మందును మార్చేస్తుంది. కాంప్లిమెంట్‌ను ఆపే ఎకులిజుమాబ్ లాంటివి మస్క్‌లో పనికిరావు, రిటుక్సిమాబ్ బాగా పనిచేస్తుంది. పిరిడోస్టిగ్మిన్ అంతగా ఉపయోగపడదు, పైగా మామూలు మోతాదుకే కండరాలు అదరడం, పట్టేయడం మొదలవుతాయి. ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిని తీయించాల్సిన పని లేదు. ముఖం, నాలుక, మింగుడు, మెడ ఎక్కువ దెబ్బతింటాయి, నాలుక సన్నబడొచ్చు. మొదటి నుంచీ కంటికే పరిమితమైన మస్క్ అరుదు.

గోదారి_గట్టు
అమ్మకి మింగడంలో ఇబ్బంది లేదు, మాట బాగానే ఉంది. అయితే మస్క్ అక్కర్లేదా?

కాకినాడ_కండరం
అవకాశం తక్కువ. సెల్ బేస్డ్ ఏసీహెచ్‌ఆర్ ముందు చేయించండి. కొన్ని కిట్లలో ఆ రెండూ ఒకే స్లైడు మీద ఉంటాయి, అలాగైతే విడిగా ఆలోచించనక్కర్లేదు.

సిరిసిల్ల_సాక్షి
యాంటీబాడీ అంకె గురించి ఒక సందేహం. 18 ఉన్నది ఆరు నెలల్లో 31 అయితే జబ్బు ముదిరినట్టా?

నరాల_బడి
కాదు. 0.8 ఉన్నవాళ్ళు వెంటిలేటర్ మీద ఉండొచ్చు, 60 ఉన్నవాళ్ళు పొలం పనికి వెళ్తుండొచ్చు. రక్తంలో ఎంతుందన్నది కాదు, కండరం మీద ఎంత చెడగొడుతోందన్నది ముఖ్యం, దాన్ని ఈ పరీక్ష కొలవదు. మనిషి బాగుంటే అంకె చూసి స్టెరాయిడ్ పెంచడం, అంకె తగ్గిందని మందు ఆపడం రెండూ తప్పే. ఒకసారి పాజిటివ్ అని తేలాక మళ్ళీ మళ్ళీ చేయించడం డబ్బు దండగ.

సెల్_కల్చర్
ఇక్కడ కొంచెం విభేదిస్తాను. వేర్వేరు మనుషుల మధ్య పోలిక కుదరదు, ఒప్పుకుంటా. ఒకే మనిషిలో, ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో మార్పుకు కొంత అర్థం ఉంది. ముఖ్యంగా మస్క్‌లో అంకె జబ్బు తీవ్రతతో కాస్త కలిసి నడుస్తుంది.

నరాల_బడి
మస్క్‌లో ఒప్పుకుంటాను. ఏసీహెచ్‌ఆర్‌లో దాన్ని బట్టి మందు మార్చను.

ల్యాబ్_శేషు
ఇంకో ఇరుకు ఉంది. మోతాదు ఎక్కువైతే కిట్ కొలతకు పై హద్దు దాటుతుంది. అప్పుడు సీరం పలచబరిచి మళ్ళీ చేయాలి. ఒకసారి పలచబరిచి, ఇంకోసారి "20 కంటే ఎక్కువ" అని వదిలేస్తే ఆ రెండు రిపోర్టులను పోల్చే వీలే ఉండదు.

డాలస్_పద్మ
యాంటీబాడీ నెగటివ్ అని సీటీ స్కాన్ వద్దన్నవాళ్ళను చూశాను. సరైనదేనా?

కాకినాడ_కండరం
మయస్థీనియా అని నిర్ధారించిన ప్రతి ఒక్కరికీ ఛాతీ సీటీ తీయాలి. 10 నుంచి 15 శాతం మందికి థైమస్‌లో గడ్డ ఉంటుంది. ఆ గడ్డ (థైమోమా) ఉన్న మయస్థీనియాలో ఏసీహెచ్‌ఆర్ దాదాపు ఎప్పుడూ పాజిటివే, కాబట్టి నెగటివ్ అయితే గడ్డ ఉండే అవకాశం బాగా తక్కువ. కానీ ఇక్కడ నెగటివ్ అన్నది ఒక్క ఎలైసా మాట. దాని మీద నమ్మకం పెట్టి స్కాన్ మానకూడదు. ఛాతీ ఎక్స్‌రేలో చిన్న గడ్డలు కనపడవు.

గడ్డ లేకపోయినా థైమస్ తీయడం వల్ల లాభం ఉందని 2016లో వచ్చిన పరిశోధన తేల్చింది. 126 మంది, 18 నుంచి 65 ఏళ్ళ వాళ్ళు, జబ్బు ఐదేళ్ళ లోపుది, అందరూ ఏసీహెచ్‌ఆర్ పాజిటివ్, అందరికీ జబ్బు కన్ను దాటి పాకింది. కంటికే పరిమితమైన వాళ్ళను అందులో తీసుకోలేదు. ఈ అమ్మగారికి ఆపరేషన్ మాట ఇప్పుడే ఎత్తనక్కర్లేదు.

మందుల_చీటీ
షాపు కౌంటర్ దగ్గర జరిగే ప్రమాదం చెప్తాను. జలుబు అనగానే మూడు బిళ్ళల అజిత్రోమైసిన్ పట్టీ, విరేచనాలు అనగానే సిప్రోఫ్లోక్సాసిన్. రెండూ మయస్థీనియాను ముదర్చగలవు. జెంటామైసిన్, అమికాసిన్ సూదులు, మెగ్నీషియం సెలైన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు, ముడతలకు వేసే బొటాక్స్ కూడా ఆ జాబితాలోవే. చీటీ మీద ఎర్ర ఇంకుతో "మయస్థీనియా" అని రాయించుకోండి. పళ్ళ డాక్టరుకు, కంటి డాక్టరుకు, మత్తు డాక్టరుకు అందరికీ చెప్పాలి.

విజయ్_వరంగల్
అయితే జ్వరం వస్తే ఏం వాడాలి? అన్నీ వద్దంటే ఎలా?

నరాల_బడి
పూర్తిగా నిషేధం అని కాదు. ఇన్‌ఫెక్షన్‌ను వదిలేస్తే అదే జబ్బును ఎక్కువ ముదురుస్తుంది. అమోక్సిసిలిన్, సెఫలోస్పోరిన్లు ఉండగా వాటితోనే మొదలుపెట్టాలి, వేరే దారి లేకపోతే మిగతావి డాక్టరు కనిపెట్టి ఉండగా వాడొచ్చు. పారాసెటమాల్‌కు ఇబ్బంది లేదు.

డాలస్_పద్మ
బయోటిన్ మాత్రలు పరీక్షను పాడుచేస్తాయంటారు, నిజమేనా?

ల్యాబ్_శేషు
కిట్‌లో బయోటిన్, స్ట్రెప్టావిడిన్ జంట వాడితే పాడుచేస్తాయి. కొన్ని ఎలైసా కిట్లలో ఆ జంట ఉంది. జుట్టుకు వాడే 5, 10 మి.గ్రా. మాత్రలు మూడు రోజుల ముందే ఆపేయండి. అంకె కిట్ బట్టి ఎటైనా జరుగుతుంది. దీని కంటే పెద్దది నరంలోకి ఎక్కించే ఐవీఐజీ అనే మందు. అందులో వేలమంది దాతల యాంటీబాడీలు ఉంటాయి, ఎక్కించాక తీసిన రక్తంలో మీవి ఏవో వాళ్ళవి ఏవో తెలియదు. ప్లాస్మా మార్పిడి తర్వాత తీస్తే ఉన్నవీ కనపడవు. రక్తం ముందే తీసి పెట్టాలి. అణు వైద్య స్కాన్ అయ్యాక కొన్నాళ్ళు ఆర్‌ఐఏకు రక్తం ఇవ్వకూడదు, సీరంలోనే రేడియేషన్ ఉంటే లెక్క చెడుతుంది.

సిరిసిల్ల_సాక్షి
నోరు ఎండిపోవడం, తొడల్లో బలం లేకపోవడం కూడా ఇందులో భాగమేనా?

న్యూరో_ఫిజియాలజీ
అలా ఉంటే లాంబర్ట్ ఈటన్ అనే వేరే జబ్బు వైపు చూడాలి. అక్కడ దెబ్బ కండరం మీద కాదు, నరం చివరన. పీ/క్యూ రకం కాల్షియం ఛానెల్ మీద యాంటీబాడీ ఉంటుంది. మోకాలి చిప్ప కింద కొడితే కాలు ఎగరదు, కానీ 10 సెకన్లు గట్టిగా బిగించాక కొడితే ఎగురుతుంది. ఆర్‌ఎన్‌ఎస్‌లో మొదటి స్పందనే చిన్నదిగా ఉండి, బిగించిన వెంటనే రెట్టింపు దాటుతుంది. సగం మందికి పైగా దీని వెనుక ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్ ఉంటుంది. చుట్ట, బీడీ అలవాటు ఉన్నవాళ్ళలో దాన్ని వెతకడం ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు.

గోదారి_గట్టు
అమ్మకి ఇవేవీ లేవు. రాసిచ్చింది 60 మి.గ్రా. మాత్ర రోజుకు మూడుసార్లు. వేసుకున్న గంటకు రెప్ప లేస్తోంది, మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ వాలుతోంది. రెండు సార్లు విరేచనం అయింది.

మందుల_చీటీ
దాని పని మూడు నాలుగు గంటలే, అందుకే వాలుతోంది. వేళలు సర్దమని డాక్టరును అడగండి. ఖాళీ కడుపుతో కాకుండా బిస్కెట్టో మజ్జిగో తీసుకుని వేసుకుంటే కడుపు నొప్పి తగ్గుతుంది. అర మాత్రతో మొదలుపెట్టి పెంచితే విరేచనాలు తక్కువ. ఎక్కువైతే లాలాజలం, చెమట, కండరాల అదురు, కంటిపాప చిన్నబడటం వస్తాయి. అప్పుడు ఇంకో మాత్ర వేసుకోకూడదు. స్టెరాయిడ్ మొదలుపెడితే పెద్ద మోతాదుతో మొదటి వారం పది రోజుల్లో బలహీనత పెరగొచ్చని ముందే తెలిసి ఉండాలి.

కాకినాడ_కండరం
కంటితో మొదలైనవాళ్ళలో సగానికి పైగా మందికి తర్వాత ఒళ్ళంతా పాకుతుంది, ఎక్కువగా మొదటి రెండేళ్ళలో. ఇంట్లో ఇవి చూస్తూ ఉండండి: తల పడుకున్న చోటు నుంచి లేపగలుగుతోందా, అన్నం నమలుతూ మధ్యలో దవడ పట్టుకుంటోందా, నీళ్ళు ముక్కులోంచి వస్తున్నాయా. ఒక్క ఊపిరిలో ఒకటి రెండు అని గట్టిగా లెక్కపెట్టించండి. మామూలుగా 40 దాటాలి, 20 లోపు ఆగిపోతే అత్యవసరం. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ 98 చూపించినా నమ్మొద్దు, మయస్థీనియాలో అది చివర్లో పడిపోతుంది.

గోదారి_గట్టు
ఇప్పుడే లెక్కపెట్టించాను, 43 దాకా వచ్చింది. ముఖం కండరాల ఆర్‌ఎన్‌ఎస్‌కు, సెల్ బేస్డ్ పరీక్షకు, ఛాతీ సీటీకి చీటీ అడుగుతాను. థైరాయిడ్ కూడా అడగాలా?

నరాల_బడి
అడగండి. థైరాయిడ్ యాంటీబాడీ జబ్బులు దీనికి తోడుగా రావడం మామూలే. గ్రేవ్స్ అనే థైరాయిడ్ జబ్బు కూడా ఒకటి రెండుగా కనిపించేలా చేస్తుంది. టీఎస్‌హెచ్ చాలు మొదట.

ల్యాబ్_శేషు
రక్తం ఇచ్చేటప్పుడు ఫారం మీద వేసుకుంటున్న మందులన్నీ రాయించండి. ఉపవాసం అక్కర్లేదు. గడ్డకట్టే గొట్టంలో తీసి సీరం వేరు చేసి చల్లగా పంపాలి. రక్తం విరిగి ఎర్రబడితే ల్యాబు తిప్పి పంపుతుంది. సెల్ బేస్డ్ కూడా నెగటివ్ వస్తే, లక్షణాలు అలాగే ఉంటే, ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఇంకోసారి. మొదట్లో లేని యాంటీబాడీ తర్వాత బయటపడటం ఉంది.